బుట్ట పుస్తకాలు

ప్రియమైన అత్తకి,

ఫోన్ చేసి సగం ప్రశ్న అడిగానో లేదో, "చీటీ మీద రాసి పట్రా" అని పెట్టేశావు. లైబ్రరీ నుంచి రిటైరై పన్నెండేళ్లయినా ఆ డెస్కు నీ ముందే ఉన్నట్టుంది. సరే, ఇదే నా చీటీ. కాస్త పొడుగ్గా ఉంటుంది, విసుక్కోకు.

మూడు వారాలుగా హాస్టల్ గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కంప్యూటర్ ముందు కూర్చుని వెతుకుతూనే ఉన్నాను. నా పరిశోధన దేని మీదో నీకు తెలుసు కదా, లైబ్రరీకి రాలేని ఆడవాళ్లు ఏం చదివారు, ఎలా చదివారు అని. సెర్చ్‌లో "పూర్వకాలంలో లైబ్రరీకి వెళ్లే వీలులేని ఆడవాళ్లు పుస్తకాలు ఎలా చదివేవారు" అని అడిగితే లక్షల పేజీలు వచ్చి మీద పడ్డాయి. మొదటిది పుస్తకాల అలమరాలు అమ్మేవాళ్లది. రెండోది ప్రతి ఆడదీ చదవాల్సిన పది పుస్తకాల జాబితా. మూడోదాంట్లో ఒక డాక్టరుగారు పడుకుని చదివితే కళ్లు పోతాయని బెదిరించాడు. నాకు మిగిలింది కళ్లు పోవడమే.

మా గైడుగారు ఆరు వారాల్లో నాలుగో అధ్యాయం తన బల్ల మీద ఉండాలని, లేకపోతే ఈ ఏడాదికి నా థీసిస్ తీసుకోనని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు. అంటే ఇంకో ఏడాది ఇక్కడే.

చిన్నప్పుడు సెలవుల్లో నీ డెస్కు కింద కూర్చుని బొమ్మల పుస్తకాలు చూసేదాన్ని. పైన ఎవరెవరో వచ్చి ఏవేవో అడిగేవాళ్లు. నాకు వాళ్ల చెప్పులే కనిపించేవి. నువ్వు వెంటనే జవాబు చెప్పేదానివి కాదు, తిరిగి వాళ్లనే నాలుగు ప్రశ్నలు అడిగేదానివి. నన్నూ అలాగే అడుగు.

అన్నట్టు, ఒక్క మంచి సంగతి దొరికింది. మన లైబ్రరీ నుంచే ఒకప్పుడు బుట్టలో ఇళ్లకి పుస్తకాలు వెళ్లేవట. ఇన్నేళ్లలో నువ్వు ఒక్కసారైనా చెప్పలేదేం?

నీ మేనకోడలు


నా ప్రియమైన మేనకోడలికి,

చీటీ అందింది. నిన్ను నాలుగు ప్రశ్నలు అడగక్కర్లేదు, నీ తప్పు మొదటి మాటలోనే ఉంది. పూర్వకాలంలో బతికిన ఏ మనిషీ "పూర్వకాలంలో" అని రాసుకోదు. తనకి అది ఇవాళే. నీకు కావలసిన కాగితాన్ని రాసిన మనిషి ఏ మాట వాడి ఉంటుందో ఆలోచించి ఆ మాటతో వెతకాలి. నువ్వేమో ఆ యంత్రంతో పిచ్చాపాటీ మొదలుపెట్టావు. అది ఎంత తెలివిమీరినా నువ్వు ఇచ్చిన మాటలు పట్టుకునే పోతుంది.

నా డెస్కు దగ్గరికి ఒకాయన వచ్చి గుర్రాల పుస్తకం కావాలన్నాడు. లావుపాటి పశువైద్య గ్రంథం ఇచ్చి పంపేయొచ్చు. "దేనికండీ" అని అడిగితే, వాళ్లమ్మాయి మర్నాడు బడిలో గుర్రం బొమ్మ గీయాలట. చిన్నపిల్లల పుస్తకం చేతిలో పెట్టాను. పావుగంటలో పని అయిపోయింది. అందుకే చీటీ మీద రాయమనేదాన్ని. రాసేటప్పుడు మనకి నిజంగా ఏం కావాలో సగం మనకే తెలిసిపోతుంది.

కంప్యూటర్లు వచ్చాక ఆఖరి పదేళ్లు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇదే చెప్పాను. వాళ్లు నన్ను కంప్యూటర్ బామ్మ అనేవాళ్లు, నాకు వినపడదనుకుని. ఏదైనా వాక్యం నీకు పదేపదే తగులుతుంటే దానికి రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టి వెతుకు, అచ్చం ఆ వాక్యమే ఉన్న చోట్లన్నీ వస్తాయి. అలమరాలవాడు అడ్డం పడుతుంటే ఆ మాట ముందు మైనస్ గీత పెట్టి బయటికి పంపెయ్. మొదటి పేజీతో ఆగిపోకు, అక్కడ కూర్చునేవాళ్లు గొంతు పెద్దదిగా ఉన్నవాళ్లు. ఇక పదిమంది ఒకే మాట చెబుతుంటే, ఆ పదిమందికీ చెప్పింది ఎవరో కనుక్కో. తేదీల ప్రకారం వెనక్కి వెనక్కి వెళ్లు. పది నోళ్లుండొచ్చు, మాట పుట్టిన చోటు ఒకటే కావచ్చు.

కార్డుల సొరుగులు లాగినప్పుడు వచ్చే చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది. వేసవిలో అవి ఉబ్బి బిగుసుకుపోతే మోకాలు ఆనించి లాగేదాన్ని. ఇప్పుడు ఆ సొరుగుల్లో ఎవరో బల్బులు, తీగలు పెట్టుకున్నారట. విని ఆ పూట అన్నం సయించలేదు.

ఆ బుట్ట సంగతంటావా, అదేమంత పెద్ద విషయం కాదు. అప్పటి కార్యదర్శిగారు పెట్టించారు, కొన్నాళ్లు నడిచింది, ఆగిపోయింది. రెండు వాక్యాలు రాసి ముందుకి పో.

నీ అత్త


ప్రియమైన అత్తకి,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి. "పూర్వకాలం" తీసేసి, అప్పటి మాటలు పెట్టి వెతికితే లోకమే మారిపోయింది. పాత పత్రికలు, సంఘాల నివేదికలు, ఎవరో దాచుకున్న చందా రసీదులు కూడా దొరికాయి. పక్క గది పిల్లలు నా దగ్గర పాఠానికి కూర్చుంటున్నారు. నేనూ "చీటీ మీద రాసి పట్రా" అంటున్నాను, అచ్చం నీలాగే ముఖం పెట్టి.

బుట్ట మాత్రం రెండు వాక్యాల్లో పోయేది కాదత్తా. చాలాచోట్ల ఒక వాక్యం కనిపిస్తోంది: "గడప దాటలేని పాఠకురాలి కోసం పుస్తకమే గడప దాటింది." నువ్వు చెప్పినట్టు కొటేషన్ గుర్తులు పెట్టి వెతికాను. ఇరవై ఏడు చోట్ల వచ్చింది. వ్యాసాలు, ఉపన్యాసాలు, బడిపిల్లల పాఠం ఒకటి కూడా. అన్నిట్లోనూ ఒకటే కథ. కార్యదర్శిగారి చొరవతో మొదలైంది, ఆడవాళ్లు లైబ్రరీకే రావడం మొదలుపెట్టాక ఇక అవసరం లేక ఆగిపోయింది. గైడుగారికి ఎంత నచ్చిందంటే, అధ్యాయం మొత్తం దాని మీదే రాయమన్నారు. "ఇరవై ఏడు ఆధారాలు, ఇంకేం కావాలి" అన్నారు.

ఆ రోజుల్లో నువ్వక్కడ కొత్తగా చేరిన ఉద్యోగివి కదా. ఇరవై ఏడు చోట్ల లేనిది నీ దగ్గరుంటుంది. బుట్ట ఎలా ఉండేది, ఎవరు మోసేవాళ్లు, ఏ పుస్తకాలు వెళ్లేవి? నాలుగు పేజీలు రాసి పంపు. నీ పేరు నా థీసిస్‌లో చూసుకోవాలని నాకు ఎప్పటినుంచో కోరిక.

ఈ బల్ల దగ్గర కూర్చుంటే నీ పాత గది గుర్తొస్తుంది. జిగురు వాసన, తడిసిన గొడుగులు ఆరబెట్టిన వరండా, "నిశ్శబ్దం" అని రాసిన పలక కింద నువ్వు గట్టిగా మాట్లాడటం.

త్వరగా రాయి.

నీ మేనకోడలు


ప్రియమైన అమ్మడూ,

కంటి ఆపరేషన్ అయ్యింది కదా, ఎక్కువ రాయలేను. నాకు అంతగా గుర్తు లేదు. ఇరవై ఏడు చాలు. గైడుగారు ఒప్పుకున్నారంటే ఒప్పుకున్నట్టే, నువ్వు తవ్వుకుంటూ కూర్చోకు. గడువు చూసుకుని ముగించు.

వేళకి తిను.

అత్త


ప్రియమైన అత్తకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు "చాలు" అనడం నా జన్మలో వినలేదు. ఆరో తరగతిలో నేను సీతాకోకచిలుక మీద అరపేజీ రాసుకొస్తే మూడు పుస్తకాలు ముందు పడేసి, ఏది ఎక్కడ తేడాగా చెప్పిందో చూపించమన్నావు. ఏడ్చాను కూడా. అలాంటిదానివి తవ్వొద్దంటే కంటి ఆపరేషన్ వల్ల అనుకోమంటావా?

తవ్వాను. ఇరవై ఏడింటినీ తేదీల ప్రకారం పేర్చాను. ఇది దాన్ని చూసి రాసింది, అది ఇంకోదాన్ని చూసి రాసింది. చివరికి అన్నీ ఒక్కచోటే తేలాయి. మన లైబ్రరీ రజతోత్సవ సంచిక, పదకొండో పేజీ. నలభై ఆరేళ్ల కిందటిది. ఎవరో స్కాన్ చేసి పెట్టారు. రాసినవాళ్ల పేరు లేదు. అంటే నా ఇరవై ఏడు ఆధారాలు నిజానికి ఒకటి.

తర్వాత కార్యదర్శిగారి మాటలు వదిలేసి, పుస్తకాలు అందుకున్న ఆడవాళ్లు దాన్ని ఏమని పిలిచి ఉంటారా అని ఆలోచించాను. సంచికలో రాసినట్టు "సంచార గ్రంథసేవ" అని ఏ ఇల్లాలూ అనదు. "బుట్ట పుస్తకాలు" అని పెట్టి వెతికాను. ఒక్కటే పేజీ వచ్చింది. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ చెప్పిన కబుర్లన్నీ టైపు చేసి పెట్టుకుంది. అందులో ఇలా ఉంది: "లైబ్రరీ ఊడ్చే ఆవిడ గుడ్డపీలికల కింద పెట్టుకుని తెచ్చేది. ఆవిడ బుట్ట మీద ఎవరి కన్నూ పడేది కాదు. అవే మా బుట్ట పుస్తకాలు." కార్యదర్శి ఊసే లేదు.

గైడుగారికి చూపించాను. ఒక ముసలావిడ జ్ఞాపకాన్ని ఇరవై ఏడింటికి ఎదురు నిలబెట్టలేమన్నారు. అవన్నీ ఒకటేనండీ అన్నాను. అయినా అది అచ్చులో ఉందిగా అన్నారు. ఇంక పది రోజులే ఉంది. ఇరవై ఏడుతో పోతే అధ్యాయం రేపే పూర్తవుతుంది. ఒకదానితో పోతే ఏడాది పోవచ్చు.

అందుకని సూటిగా అడుగుతున్నాను. ఆ పదకొండో పేజీ ఎవరు రాశారు? ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు నీ గొంతే వినిపిస్తోంది.

నీ మేనకోడలు


నా బంగారు తల్లికి,

నేనే రాశాను.

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. ఐదు రోజులూ నీళ్లు నమిలాను. నీకు విద్య నేర్పిందీ నేనే, దాంతో నువ్వు నా దగ్గరికే వస్తుంటే తలుపు వేసుకున్నదీ నేనే. సిగ్గుగా ఉంది.

మేమంతా ఆవిడని చీపురమ్మ అనేవాళ్లం. ఆవిడకో పేరుందని జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ పట్టేది కాదు. పొద్దున్నే లైబ్రరీ ఊడ్చి, తర్వాత పక్క రెండు వీధుల్లో ఇళ్ల పనికి వెళ్లేది. ఒకరోజు నేను పెందలాడే వెళ్తే, బుట్టలో పుస్తకాలు సర్దుతూ కనిపించింది. దొంగతనమనుకున్నాను. ఆవిడ కంగారుపడలేదు. "పసిపిల్లల తల్లులు, మంచాన పడ్డవాళ్లున్న ఇళ్లు. వాళ్లు రాలేరు కదమ్మా. ఎల్లుండికి తెచ్చేస్తా" అంది. పదహారు ఇళ్లు. ఒక్క పుస్తకం పోలేదు, ఒక్క పేజీ చిరగలేదు. ఆ రోజు నుంచి నా సొంత కార్డు మీద ఆవిడకి ఇచ్చేదాన్ని. ఏ ఇంటికి ఏ పుస్తకమో ఒక్కసారీ తప్పేది కాదు. చదువు రాని మనిషికి అదెలా సాధ్యమా అని అడిగితే, అట్ట రంగు గుర్తుపెట్టుకుంటానంది. రెండేళ్లు అలా నడిచింది. నా ఉద్యోగ జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్లీ రాలేదు. ఆవిడ, నేను, ఆ బుట్ట. లైబ్రరీ తెరవకముందు ఆ పావుగంట మాది.

రజతోత్సవం వచ్చింది. కార్యదర్శిగారి చెవిన ఎవరి ఇల్లాలో బుట్ట సంగతి వేసింది. ఆయన అది మా లైబ్రరీ పథకమే అనుకున్నారు. "బావుందమ్మాయ్, సంచికలో వేద్దాం, నువ్వే రాయి" అన్నారు. అప్పటికి నాది తాత్కాలిక ఉద్యోగం. పర్మనెంటు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. నిజం రాస్తే, లెక్కలో లేకుండా పుస్తకాలు బయటికి వెళ్లాయని ఆవిడ పని ఊడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ భయం నిజమే. కానీ అదొక్కటే కాదు. ఆయన ముఖం వెలిగిపోతుంటే కాదనలేకపోయాను. నాకు ఆ సంతకం కావాలి. "కార్యదర్శిగారి చొరవతో" అని రాసి, పైన ఆ గడప వాక్యం పెట్టాను. ఆ వాక్యం రాసినందుకు నాలుగు రోజులు మురిసిపోయాను కూడా. వారానికి సంతకం అయ్యింది.

సంచిక వచ్చిన మర్నాడు పొద్దున్న చీపురమ్మ నా దగ్గరికొచ్చింది. "బుట్ట గురించి వేశారంటగా. ఒకసారి చదివి పెట్టమ్మా" అంది. చీపురు గోడకి ఆనించి, చేతులు తుడుచుకుని నిలబడింది. నేను పదకొండో పేజీ తీశాను. కార్యదర్శిగారి పేరున్న చోటల్లా ఆవిడ పేరు పెట్టి చదివాను. ఎక్కడా తడబడలేదు. ఆవిడ మొత్తం విని, "బాగా రాశావమ్మా" అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత కార్యదర్శిగారు తన పేరుతో బోర్డు కట్టించి ఒక తోపుడుబండి తెచ్చారు. ఇక బుట్ట అక్కర్లేదన్నారు. బండి వీధి మొగలో నిలబడేది. ఇంట్లోంచి రాలేనివాళ్లు వీధి మొగకి మాత్రం ఎలా వస్తారు? నాలుగు వారాలకి బండి షెడ్డులో చేరింది. ఆడవాళ్లు లైబ్రరీకి రావడం మొదలుపెట్టారన్నది ఆ తర్వాత ఎవరో కల్పించుకున్నదే. ఎవరూ రాలేదు. పదహారు ఇళ్లలో పుస్తకం ఆగిపోయింది, అంతే. అది నా మూలంగా.

అసలు సంగతి తెలియకుండానే ఆవిడ కన్నుమూసింది. ఇన్నేళ్లూ నాకు మిగిలిన ఊరట అదొక్కటే.

ఈ ఉత్తరం నీ అధ్యాయంలో వాడుకో. నా పేరు దాచొద్దు. ఆవిడ పూర్తి పేరు వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి జత చేశాను, ఒక్క అక్షరం తప్పు పోనివ్వకు. నన్ను చూసి ఈ దారిలోకి వచ్చానని నువ్వు అందరికీ చెప్పుకుంటావు. ఇక చెప్పుకోకపోయినా ఏమీ అనుకోను.

అత్త


ప్రియమైన అత్తకి,

నీ ఉత్తరం అందిన రోజే గైడుగారి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని రెండోసారి చదివారు. "ఇరవై ఏడింటికీ మూలమైన మనిషే కాదంటోంది కదా, ఇంకేం మాట్లాడతాం" అన్నారు. నెల రోజులు గడువు ఇప్పించారు. అధ్యాయం కొత్తగా రాశాను, నిన్న ఒప్పుకున్నారు. ఆవిడ పేరు మొదటి వాక్యంలోనే ఉంది. నీ పేరు కూడా ఉంది, నువ్వు చెప్పినట్టే, ఏదీ దాచకుండా. నిన్ను చూసి ఈ దారిలోకి వచ్చానని ముందుమాటలో రాశాను. అది తీసెయ్యమంటే తియ్యను.

ఇంకో సంగతి ఉంది. చెప్పాలా వద్దా అని మూడు రోజులు తన్నుకులాడాను. చెప్పకపోతే నేనూ ఒక పదకొండో పేజీ రాసినట్టే అవుతుంది. కూర్చుని చదువు.

ఆ కబుర్లు టైపు చేసిన అమ్మాయికి రాస్తే, వాళ్ల అమ్మమ్మని కలవడానికి రమ్మంది. వెళ్లాను. చిన్న వంటగది, కిటికీలో మొక్కలు. ఎనభై దాటిన మనిషి, చెవులు మాత్రం చురుకు. నీ ఉత్తరం చదివి వినిపించాను. అట్ట రంగు దగ్గరికి రాగానే ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"దానికి చదువు రాదని ఎవరన్నారు? ఇదిగో, ఈ పీట మీద కూర్చునే నేర్చుకుంది. మా పిల్లాడి పలక మీద. నాకు పుస్తకాలు తెచ్చినందుకు నేనిచ్చింది అదే. ముందు తను చదివి, ఏ ఇంటికి ఏది బావుంటుందో చూసి తెచ్చేది. చదువొచ్చని తెలిస్తే బుట్టలో ఏముందని అడుగుతారు కదమ్మా. రానిదానిలా ఉంటే ఎవరూ అడగరు."

సంచిక కట్టలు వచ్చిన రోజే, గది ఊడుస్తూ, మీ అందరికంటే ముందు పదకొండో పేజీ ఆవిడే చదివిందట. చదివాకే మర్నాడు నీ దగ్గరికి వచ్చింది.

అలాంటప్పుడు మళ్లీ ఎందుకు చదవమంది అని అడిగాను. ఈ పెద్దావిడా అప్పట్లో అదే అడిగిందట. చీపురమ్మ ఇలా అందట: "ఆ పిల్ల ఏం చేస్తుందో చూద్దామని అడిగాను. నా పేరు పెట్టి చదివింది. అంటే నిజమేదో దానికి తెలుసు. ఇవాళ రాయలేకపోయింది. ఎప్పుడో ఒకప్పుడు రాస్తుందిలే."

ఆ తర్వాత మంచాన పడేదాకా, ఈ పెద్దావిడ కలిసినప్పుడల్లా, "ఆ పిల్ల ఏమైనా రాసిందా" అని అడిగేదట. కోపంగా కాదట. ఊరికే, వానలు పడ్డాయా అని అడిగినట్టు.

ఇదంతా చెప్పి పెద్దావిడ నా వంక చూసింది. నీ ఉత్తరం ఇంకా నా చేతిలోనే ఉంది. రాసింది అని చెప్పాను.

నీ మేనకోడలు